నడిగడ్డ మ్యాప్‌లో ఉత్తరం వైపే ఎందుకు గెలుస్తోంది?

తమ్ముడూ, నువ్వు పెట్టిన ఫైలు దించుకుని ఎడిటర్‌లో తెరిచాను. నిన్న రాత్రి రెండు వైపులా కూర్చుని ఆడి చూశాను కూడా. ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్యి.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ అనే కంప్యూటర్ ఆటలో, 1520 రాయచూరు యుద్ధం ఆధారంగా ఇద్దరు ఆడే మ్యాప్ చేశావు. పైన కృష్ణ, కింద తుంగభద్ర, రెండింటి మధ్య మన నడిగడ్డ. ఉత్తరం ఒడ్డున బీజాపూర్, దక్షిణం ఒడ్డున విజయనగరం. బంగారం, రాయి, గొర్రెలు, అడవిపందులు ఇద్దరికీ సమానంగా లెక్కపెట్టి ఇచ్చావు. అయినా పది ఆటల్లో ఎనిమిది ఉత్తరమే గెలిచింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో మీ హాస్టల్ దోస్తులు దక్షిణం మాకొద్దని మొండికేస్తున్నారు. తప్పెక్కడుంది అని అడిగావు.

నువ్వు వస్తువులు లెక్కపెట్టావు, నడక లెక్కపెట్టలేదు. అసలు విషయం ఇదే. కానీ మ్యాప్ మీద చెయ్యి వేసే ముందు ఒక పరీక్ష చెయ్యాలి. లేకపోతే లేని జబ్బుకు మందు వేస్తాం.

ఆ పది ఆటల్లో ఉత్తరం ఎవరు ఆడారు? ఎక్కువ సార్లు నువ్వే అయితే, మ్యాప్ చేసినవాడికి ప్రతి పొదా తెలుసు కాబట్టి నువ్వు గెలవడం సహజం. పోనీ ఇద్దరూ సమానమైన ఆటగాళ్లే అనుకుందాం. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఎనిమిది లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడే అవకాశం 1024లో 56, అంటే నూటికి ఐదు పైచిలుకు. అరుదే కానీ అసాధ్యం కాదు. కాబట్టి ఇద్దరే ఆటగాళ్లను తీసుకో. ఒక ఆట ఇటు, ఒక ఆట అటు మారుస్తూ ఆడించు. ఆటలో ఒక్కో జాతి బలాలు వేరు, కాబట్టి ఇద్దరికీ ఒకే జాతి ఇవ్వు. నువ్వు ఉత్తరానికి హిందుస్తానీలను, దక్షిణానికి ద్రవిడియన్లను ఖాయం చేసి పెట్టావు. ద్రవిడియన్ల బలం కాలిబలగం, పడవలు. వాళ్ల గుర్రపుశాల బలహీనం. పడవలకు పనిలేని నీ ఎండు నేల మీద వాళ్ల సగం బలం ముందే పోయింది. అది మ్యాప్ లోపమా, జాతి లోపమా అన్నది ఇద్దరికీ ఒకే జాతి ఇచ్చి ఆడితే గానీ తెలియదు. చరిత్ర కోసం జాతులను తర్వాత మళ్లీ పెట్టుకో. పరీక్షలో మాత్రం వద్దు.

నేను నిన్న అలాగే ఆడాను. ఒకే జాతితో కూడా దక్షిణం కష్టంగానే ఉంది. అంటే మ్యాప్‌లో లోపం నిజమే.

ఇక నడక సంగతి. 2004లో వనపర్తిలో ఒక నెట్ సెంటర్‌లో మేం నలుగురం ఈ ఆట ఆడేవాళ్లం. నేను పానగల్ కొండల మ్యాప్ ఒకటి చేశాను. నీలాగే అన్నీ సమానంగా పెట్టాననుకున్నా. రెండు వారాల్లో గొడవలు మొదలయ్యాయి. అప్పుడు మా పెద్దనాన్న కొడుకు ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి, ఒక్క విలేజర్‌ను, అంటే వనరులు తెచ్చే పనివాడిని పట్టుకుని, ఆటగాడి ఇల్లయిన టౌన్ సెంటర్ నుంచి ప్రతి వనరుకూ నడిపించి ఎన్ని సెకన్లు పట్టిందో రాశాడు. ఎడమ పేజీలో ఒక ఆటగాడు, కుడి పేజీలో ఇంకొకడు. అరగంటలో తేలిపోయింది, ఒకరి పండ్ల పొదలకు దారి ఒక చిన్న బండ చుట్టూ తిరిగి పోతోంది. పైనుంచి చూస్తే రెండూ ఒకే దూరంలో ఉన్నట్టే కనిపించాయి. అప్పటి నుంచి ఇరవై ఏళ్లుగా ప్రతి మ్యాప్‌కూ ఆ నోట్‌బుక్ పని చేస్తూనే ఉన్నాను. నువ్వూ చెయ్యి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ వాడకు. మామూలుగా ఆట 1.7 రెట్ల వేగంతో నడుస్తుంది, ఆటలో కనిపించే గడియారాన్నే నమ్ము.

ఎందుకింత పట్టుదల అంటే లెక్క చూడు. చక్రాల బండి (నడక వేగం పెంచే మెరుగుదల) నేర్చుకోకముందు విలేజర్ సెకనుకు 0.8 టైల్ నడుస్తాడు, టైల్ అంటే మ్యాప్‌లో ఒక గడి. పది కట్టెలు కొట్టడానికి సుమారు 25 సెకన్లు పడుతుంది. కట్టెలు దింపే లంబర్ క్యాంప్ చెట్టుకు ఆనుకుని ఉంటే నడక దాదాపు లేదు. అదే చెట్టు ఐదు టైళ్ల దూరమైతే పోను రాను పది టైళ్లు, అంటే 12.5 సెకన్లు అదనం. 25 సెకన్ల పని 37.5 సెకన్లు అయింది. మూడో వంతు రాబడి గాలికి పోయింది. ఇద్దరికీ చెట్ల సంఖ్య సమానమే, కానీ ఒకడికి చేతికి వచ్చేది మూడింట రెండు వంతులే.

నీ మ్యాప్‌లో ఇది ఎక్కడ జరిగిందో చూడు. ఉత్తరాన అడవిని నిండుగా, అంచు తిన్నగా ఉండేలా గీశావు. దక్షిణాన మాత్రం నిజంగా కనిపించే తుమ్మ చెట్ల లాగా ఒకటి ఇక్కడ, రెండు అక్కడ చల్లావు. చూడ్డానికి చాలా బాగుంది, మన వైపు నేల అలాగే ఉంటుంది. కానీ క్యాంప్‌కు ఆనుకుని నాలుగైదు చెట్లు కూడా దొరకవు. చల్లిన చెట్లను తీసెయ్యమనడం లేదు, వాటిని అందం కోసం ఉంచుకో. ప్రతి ఆటగాడికీ టౌన్ సెంటర్ దగ్గర కనీసం రెండు గట్టి అడవి అంచులు ఇవ్వు, ఒక్కోటి పది పన్నెండు టైళ్ల పొడవుండాలి. నాకు తెలిసినంతలో కొత్తగా మ్యాప్‌లు చేసేవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే.

బంగారం విషయంలో నీ లెక్క తప్పు పట్టలేను. ఇద్దరికీ ముఖ్యమైన గనిలో ఏడు గుట్టలు, గుట్టకు 800 చొప్పున 5600. దూరం కూడా సమానమే. కానీ ఉత్తరం వాడి గని వాడి ఇంటి వెనక ఉంది. దక్షిణం వాడి గని ఇంటి ముందు, నదికి ఎదురుగా ఉంది. శత్రువు రావాలంటే ఉత్తరాన టౌన్ సెంటర్ దాటి వెనక్కి పోవాలి. దక్షిణాన ఏటి అవతల గట్టు దిగగానే గని పనివాళ్లు కనిపిస్తారు. మొదట్లో చేసిన నలుగురు విలుకాళ్లతోనే వాళ్లను తరిమేయొచ్చు. గని వెనక ఉండాలా, ముందు ఉండాలా అన్నది నీ ఇష్టం. ఎక్కడున్నా ఇద్దరికీ ఒకే వైపు ఉండాలి. నన్నడిగితే ముఖ్యమైన గని పక్కన పెడతాను, చిన్న గనుల్లో ఒకటి వెనక, ఒకటి ముందు. అలా అయితే ఎవడూ పూర్తిగా తలుపేసుకుని కూర్చోలేడు, ఎవడూ మొదటి ఐదు నిమిషాల్లోనే ఆకలితో చావడు.

ఇప్పుడు అసలు పెద్ద కారణం. నదిని నడిచి దాటే చోట్లు, ఎడిటర్‌లో షాలోస్ అంటాడే, అవి. కృష్ణ మీద రెండు పెట్టావు, తుంగభద్ర మీద నాలుగు. ఎందుకని అడిగితే, ఎండాకాలం తుంగభద్ర ఎండి బండలు తేలుతుంది, జనం నడిచే దాటేస్తారు అని రాశావు. నువ్వు చూసింది నిజమే. కానీ ఆటలో దాని అర్థం ఉత్తరం వాడు రెండు తలుపులు కాపలా కాస్తే చాలు, దక్షిణం వాడు నాలుగు కాయాలి. పైగా షాలోస్ మీద గోడ కట్టడం కుదరదు, గట్టు మీదే కట్టాలి. నీ తుంగభద్ర గట్టు వంకర్లు తిరిగి ఉంది కాబట్టి ఒక్కో దారికి గోడ ఎక్కువ పొడవు పడుతోంది. నేను దక్షిణం ఆడినప్పుడు గోడల మీదే కట్టె అంతా అయిపోయింది. ఆలోపు ఉత్తరం వాడు తీరిగ్గా కోట కట్టుకున్నాడు.

కోట అంటే గుర్తొచ్చింది, కోటకు 650 రాయి కావాలి. నీ మ్యాప్‌లో రాయి చాలినంత ఉంది, దాని జోలికి పోకు.

రెండు నదుల మీదా మూడేసి దారులు పెట్టు. రెండైతే ఆట కదలదు, నాలుగైతే గోడలకే సరిపోతుంది. మూడింటిలో ఒకటి వెడల్పుగా, పెద్ద సైన్యం దాటేలా ఉండాలి. రెండోది ఇరుకుగా, మూడోది పడమటి అంచున దూరంగా, చాటుగా పోయేవాడి కోసం. నది దాటడం ఖర్చుతో కూడిన పని అనిపించాలి. ఎందుకంటే 1520లో జరిగింది కూడా అదే. ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణను దాటి ఇవతలికి వచ్చి కృష్ణదేవరాయలతో తలపడ్డాడు. ఓడి వెనక్కి పరుగెత్తినప్పుడు వెనక నది ఉంది, సైన్యంలో ఎందరో ఆ నీళ్లలోనే పోయారు. నీ మ్యాప్‌లో నది దాటి వచ్చినవాడికి ఆ భయం ఉండాలి. కృష్ణ దాటినా, తుంగభద్ర దాటినా అదే భయం ఉండాలి. ఇప్పుడు తుంగభద్ర దాటేవాడికి ఏ భయమూ లేదు, నాలుగు దారుల్లో దేంట్లోనైనా తప్పించుకుపోతాడు.

ఇంకొకటి. ఉత్తరం టౌన్ సెంటర్ నుంచి కృష్ణ దగ్గరి దారికి 31 టైళ్లు కొలిచాను. దక్షిణం నుంచి తుంగభద్ర దారికి 18. నది దగ్గరుంటే కాపలాకు సులువు కదా అనుకుంటాం. కానీ ఇల్లు ఇరుకైపోతుంది. పొలాలు, బ్యారక్స్, గని అన్నీ నది గట్టు మీదికి వచ్చి పడతాయి. శత్రువు కనపడిన క్షణం నుంచి పనివాళ్లను లోపలికి పిలిచే వరకు ఉండే టైము బాగా తగ్గిపోతుంది. విలుకాడు సెకనుకు 0.96 టైల్ నడుస్తాడు, 31 టైళ్లకు 32 సెకన్లు, 18 టైళ్లకు 19 సెకన్ల లోపే. ఈ ఆటలో పదమూడు సెకన్లు అంటే చాలా పెద్ద తేడా. రెండు వైపులా 25 దగ్గర పెట్టు.

కొండల గురించి కూడా చెప్పాలి. పానగల్ కొండలను గుర్తుచేసుకుని కృష్ణ ఉత్తర గట్టున ఎత్తు పెంచావు. మా ఊరి కొండలు నీ మ్యాప్‌లో కనపడటం నాకు చాలా సంతోషంగా ఉంది, మనస్ఫూర్తిగా చెప్తున్నా. కానీ ఈ ఆటలో ఎత్తు మీదున్నవాడి దెబ్బ 25 శాతం పెరుగుతుంది, పల్లం నుంచి పైకి కొట్టేవాడిది 25 శాతం తగ్గుతుంది. అంటే 1.25కు 0.75, ఒకటికి ఒకటిన్నర రెట్ల పైనే తేడా. మంది పెరిగితే దెబ్బలూ, ఓర్చుకునే ప్రాణాలూ రెండూ పెరుగుతాయి కాబట్టి, పైన పది మంది విలుకాళ్లుంటే కింద దాదాపు పదమూడు మంది ఉంటే గానీ సాటి రారు. నీ కొండ సరిగ్గా నది దారి మీదికి వంగి ఉంది. దక్షిణం వాడు నీళ్లలోంచి లేచి పైకి కొట్టాలి. ఉత్తరం వాడు తుంగభద్ర దాటితే సమతలం మీద కొట్టుకోవచ్చు. కొండను ఎనిమిది పది టైళ్లు వెనక్కి జరుపు. దారి దగ్గర నేల చదునుగా ఉండనివ్వు. దక్షిణాన అంతే ఎత్తు, అంతే దూరంలో ఒక గుట్ట పెట్టు. కర్నూలు వైపు నిజంగా అక్కడ గుట్ట ఉందా అని ఎవరూ కొలత పెట్టి చూడరు. ఇక్కడ చరిత్ర కంటే ఆటే ముఖ్యం, అందులో నాకు అనుమానం లేదు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా సరిచేస్తే వారాలు పడుతుంది. ఇంకో దారి ఉంది, అది నడిగడ్డకు మాత్రమే దొరికిన అదృష్టం. మన నడిగడ్డ ఆకారం చూడు. పడమట వెడల్పు, తూర్పుకు పోయేకొద్దీ సన్నబడి కూడవెల్లి దగ్గర రెండు నదులూ కలుస్తాయి. ఒక బాణం మొన లాంటిది. ఆ మొన మధ్యగా పడమర నుంచి తూర్పుకు ఒక గీత గీస్తే, పైనుండేది కృష్ణ, కిందుండేది తుంగభద్ర. అద్దంలో చూసినట్టు ఒకటి ఇంకొకదానికి ప్రతిబింబం. ఈ ఆటలో మ్యాప్ వజ్రం ఆకారంలో ఉంటుంది కదా, పడమటి మూల నుంచి తూర్పు మూలకు గీత అంటే మ్యాప్ కర్ణమే. దాంతో లెక్క చాలా తేలికైపోతుంది. ఒక టైల్ స్థానం 30, 90 అయితే, దాని జోడీ 90, 30. రెండు అంకెలు తారుమారు చేస్తే చాలు. ఒక సగం బాగా గీసుకో, రెండో సగం అంకెలు తిప్పి పెట్టుకుంటూ పో. నీ 120 టైళ్ల చదరానికి ఇది ఒక సాయంత్రం పని. పెట్టాక నది వంకల్ని నాలుగైదు చోట్ల చేత్తో కొంచెం మార్చు, అచ్చు గుద్దినట్టు ఉండదు. కానీ నడిచి దాటే దారులూ, అడవి అంచులూ, గనులూ మాత్రం కదపకు.

రెలిక్స్, అంటే తెచ్చి మఠంలో పెట్టుకుంటే బంగారం ఇచ్చే పవిత్ర వస్తువులు, వాటి సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నీ తప్పు ఇంకో తప్పును దాచింది. ఐదింటిలో మూడు అలంపురంలో పెట్టావు. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంవి, 1520కి ఉన్నవే, ఆలోచన బాగుంది. కానీ అలంపురం తుంగభద్ర గట్టున ఉంది, అంటే ఆ మూడూ దక్షిణానికి దగ్గర. ఒక్కో రెలిక్ నిమిషానికి 30 బంగారం ఇస్తుంది. మూడు రెలిక్‌లు అరగంట ఉంటే 2700. ఇంత లాభం చేతికిచ్చినా దక్షిణం ఓడిపోతోందంటే మిగతా లోపాలు ఎంత బరువైనవో ఆలోచించు. దారులూ గనీ సరిచేసి దీన్ని ఇలాగే వదిలేస్తే వచ్చే నెల నీ దోస్తులు ఉత్తరం మాకొద్దంటారు. ఇద్దరికీ రెండేసి ఇచ్చి, ఐదోది సరిగ్గా మధ్య గీత మీద, కూడవెల్లి మొన దగ్గర పెట్టు. అక్కడి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. నీ మ్యాప్ 1520ది కాబట్టి గుడి ఇంకా సంగమం దగ్గరే ఉండాలి. చరిత్రా, సమతూకమూ ఒకే చోట కుదరడం ఎప్పుడో గానీ జరగదు, వదులుకోకు.

అదే లెక్కన ఇంకో రెండు మార్పులు. మ్యాప్‌లో గద్వాల కోట పెట్టావు. అది సోమనాద్రి కట్టించినది, రాయచూరు యుద్ధం అయిన నూరేళ్లకు పైగా గడిచాక. తీసెయ్యి, ఆ చోట చిన్న ఊరు చాలు. జూరాల దగ్గర నదిని చెరువంత వెడల్పు చేశావు, ఆ వెడల్పు ఆనకట్ట వల్ల ఈ కాలంలో వచ్చింది. అక్కడ నదిని సన్నగా గీస్తే నీ మూడో దారికి చోటు కూడా దొరుకుతుంది.

నీళ్లు తగ్గిపోయాయే అనిపిస్తే చెరువులు పెట్టు. ఇద్దరికీ ఒక్కో చెరువు, ఒక్కోదాంట్లో సమానంగా గట్టు చేపలు. చెరువు కట్టను ఎత్తుగా కడితే అదే గోడలా పనికొస్తుంది, అలుగు దగ్గర ఒక సందు వదిలితే అదే ద్వారం. కట్ట ఇద్దరికీ ఇంటికి ఒకే వైపు ఉండేలా చూసుకో. పాలమూరు నేల అంటే ముందు గుర్తొచ్చేది చెరువులే, వాటిని వదిలేసి కొండలకే ఎక్కువ శ్రద్ధ పెట్టావని నాకనిపించింది.

అన్నీ అద్దంలా చేసినా ఒక చిన్న తేడా పోదు, ముందే చెప్తున్నాను. ఆటలో మనం దక్షిణం నుంచి పైకి చూస్తాం. అడవి ఇంటికి కింది వైపు ఉంటే దాని పై అంచున పనిచేసే విలేజర్లు చెట్ల కొమ్మల చాటున పడతారు, మౌస్‌తో పట్టుకోవడం కష్టం. ఉత్తరం వాడి అడవి పైన ఉంటుంది, మనుషులు చెట్ల ముందు స్పష్టంగా కనిపిస్తారు. అందుకని అడవి అంచుల్ని ఇంటికి పైనా కిందా కాకుండా ఎడమా కుడీ పెట్టు. అప్పుడు చాలా వరకు సరిపోతుంది. పోటీ పెట్టుకుంటే మాత్రం తప్పకుండా ఒక ఆట ఇటు, ఒక ఆట అటు ఆడండి.

ప్రతిసారీ వనరుల చోటు మారే స్క్రిప్ట్ రాయాలా అని చివర్లో అడిగావు. ఇప్పుడే వద్దు. చేత్తో గీసిన మ్యాప్ ఒకటి సరిగ్గా తూగాక రాసుకో, ఏ దూరాలు పెట్టాలో అప్పటికి నీకే తెలుస్తుంది.

పనిలోకి దిగేటప్పుడు ఈ వరస పెట్టుకో. మొదట దారులు, వాటి దూరం. తర్వాత గని వైపు, అడవి అంచు. ఆ తర్వాత కొండ. రెలిక్స్ చివర. ఒక్కో మార్పు తర్వాత ఇద్దరూ వైపులు మార్చుకుని కనీసం నాలుగు ఆటలు ఆడండి. ప్రతి ఆటలో ఎవడు గెలిచాడన్నదే కాకుండా, మొదటి దాడి ఏ దారిలో ఏ నిమిషానికి వచ్చిందో, పది నిమిషాల దగ్గర ఎవరికి ఎందరు విలేజర్లున్నారో రాయండి. గెలుపోటములు కొన్ని ఆటల్లో తప్పుదారి పట్టిస్తాయి. పదో నిమిషం లెక్క మాత్రం నాలుగు ఆటల్లోనే తేడా చూపిస్తుంది.

మార్చిన ఫైలు ఈ ప్రశ్న కిందే పెట్టు. ఆదివారం సాయంత్రం నేను ఖాళీ. దక్షిణం నేను తీసుకుంటాను.